పాళీ సంస్కారము

డబ్బాలోనుండి అప్పుడే వెలికితీసిన ఉక్కుపాళీ ఎంత తళతళలాడుచున్నను, అది వ్రాతకు పూర్తిగా సిద్ధమైన పనిముట్టు కాదు. ఉక్కురేకుగా పుట్టి, కార్ఖానాలో పదిపన్నెండు యంత్రముల క్రింద నలిగి, పొట్లములలోను పెట్టెలలోను కట్టువడి, సముద్రములు దాటి, అంగడి అరలలో ఏండ్లతరబడి వేచియుండి మన బల్లమీదికి వచ్చిన పిమ్మట గూడ దానికి జరుగవలసిన కట్టకడపటి పని యొకటి మిగిలియే యుండును. ఆ పనిని చేయవలసినవాడు దానిని కొనితెచ్చుకొన్న లేఖకుడే. ఈ సంగతి తెలియకపోవుటచేతనే, అందముగా వ్రాయవలెనను ఆశతో పాళీకలము చేతబట్టిన యువతీయువకులలో అనేకులు మొదటి సాయంకాలముననే నిరాశ చెందుచున్నారు. సిరాలో ముంచిన పాళీ మొదటి గీతకు పలుకదు. రెండవ గీతకు ఉన్న సిరానంతయు ఒక్కపెట్టున క్రుమ్మరించును. మూడవ గీతకు కాగితమును గీరును. అంతట వారు తమ చేతియందే నేర్పు లేదని తలపోసి, కలమును పెట్టెలో పెట్టి మూత వేయుదురు. నిజమునకు వారి చేతియందలి లోపము బహుస్వల్పము. పాళీకి జరుగవలసిన సంస్కారము జరుగలేదు, అంతియే.

ఉక్కునకు త్రుప్పు సహజశత్రువు. మొన యొద్ద రేకు అతిపలుచన యగుటచేత, అచ్చట ఆవగింజలో అరవంతు త్రుప్పు పట్టినను పాళీ యంతయు చెడినట్లే. అందువలన తయారుచేయువారు కడపట దానిపై నూనెనో, లక్కను స్పిరిటులో కరగించి చేసిన వార్నీషునో మిక్కిలి పలుచగా పట్టించి పంపుదురు. ఆ పూత కంటికి కనబడదు, వ్రేలికి తగులదు. అయినను సిరాలోని నీరు దానిని చూచి వెనుదీయును. పాళీ లోపలి గుంటయందు సన్నని పొరగా పరచుకొని, చీలికవెంట మెల్లమెల్లగా మొనకు దిగవలసిన సిరా, తామరాకుమీది నీటిబొట్టువలె ముడుచుకొని, అంటీ అంటనట్లు నిలుచును. కలము వంచగానే తానున్న చోటు విడిచి ఒక్కసారిగా జారిపడును. వ్రాత మొదట పలుకకపోవుటకును, పిదప మరక పడుటకును కారణ మిదియొక్కటియే. ఇన్నాళ్లును పాళీని కాపాడిన రక్షయే వ్రాయబోవు వేళకు ఆటంకమైనది గనుక, దానిని తొలగించుటతోనే పని ఆరంభింపవలెను.

ఆ పని యెట్లు చేయవలెనో చెప్పుటకు ముందు, ఈ చిన్నవస్తువు వచ్చిన త్రోవను కొంచెము చూచుట అవసరమని నా యభిప్రాయము. ఏలయన, ఏది ఎట్లు తయారైనదో తెలిసినవానికి దానిని ఎచ్చట తాకవచ్చునో, ఎచ్చట తాకరాదో తనంత తానే తెలియును. ఉక్కుపాళీకి పూర్వము ఐరోపాఖండమున పెద్దబాతు ఈకయే కలము. ఆ ఈకను కాగిన ఇసుకలో గ్రుచ్చి గట్టిపరచి, పైపొరను గీకివేసి, చిన్నకత్తితో ఏటవాలుగా చెక్కి, మొనను చీల్చి వ్రాసెడివారు. కొన్ని పుటలు సాగునప్పటికి మొన మెత్తబడిపోవుటచేత మరల చెక్కెడివారు. వ్రాతగాండ్ర బల్లమీద చాకు ఎల్లప్పుడును సిద్ధముగా ఉండవలసినదే. లోహముతో పాళీ చేయు యత్నములు పూర్వమునుండియు జరిగినను, అవి ఒక్కొక్కటియే చేతితో చేయబడినవగుటచే వెల అధికము. పైగా బిరుసుదనముచే ఈకకు సాటిరాకపోయినవి.

ఆ చిక్కును విప్పినది ఇంగ్లండు దేశమందలి బర్మింగ్‌హామ్ నగరము. 1820 ప్రాంతముల నుండి జాన్ మిచెల్, జోసయ్యా మేసన్, జోసెఫ్ గిలట్ అనువారు, బొత్తాములకును కట్టుబిళ్ళలకును వాడుచుండిన చేతియొత్తు యంత్రములను పాళీల తయారీకి మలచుకొనిరి. లండనునందలి జేమ్స్ పెర్రీ 1830లో పొందిన పేటెంటునందు, చీలిక చివర ఒక రంధ్రమును, పక్కల చిరుచీలికలను పెట్టి ఉక్కునకు ఈకలోని మెత్తదనము కలిగించు ఉపాయము కలదు. నేటికిని మనము కొను పాళీలలో ఆ రంధ్రము కనబడుచునే యున్నది. గిలట్ షెఫీల్డు నగరమున చాకులకు సానపట్టు పని చేసి బర్మింగ్‌హామ్ చేరినవాడు. పాళీలమీద గడించిన ధనముతో టర్నరు వంటి మహాచిత్రకారుని పటములను కొని కూర్చిన రసికుడు. మేసను తన సంపదలో అధికభాగమును అనాథాశ్రమమునకును, 1880లో తెరచిన విజ్ఞానకళాశాలకును ధారపోసెను. ఆ కళాశాలయే పెరిగి 1900లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమైనది. గ్రోసు లెక్కన, అనగా నూటనలుబదినాలుగేసి చొప్పున, పెట్టెలకెత్తి అమ్మిన ఉక్కుముక్కలు ఒక విశ్వవిద్యాలయమునకు పునాది యగుట నాకు ఎంతయో ముచ్చటగొలుపు విషయము.

ఆ కార్ఖానాలలో యంత్రముల ముందు కూర్చున్నవారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. షెఫీల్డునుండి వచ్చిన ఉక్కురేకును మెత్తబరచి, ఆమ్లములో కడిగి, కావలసిన పలుచదనమునకు సాగగొట్టిన పిమ్మట, ఒకరు దానినుండి పాళీ ఆకారపు బిళ్ళలను కోయుదురు. మరియొకరు రంధ్రము పొడుచుదురు. వేరొకరు పేరును సంఖ్యను ముద్రింతురు. ఇంకొకరు చదునుబిళ్ళను వంచి దోనె ఆకృతికి తెత్తురు. అప్పుడు దానిని ఎఱ్ఱగా కాల్చి నూనెలో ముంచినచో ఉక్కు గాజువలె పెళుసెక్కును గనుక, మరల మితమైన వేడిమిని చూపి, విరుగక వంగి తిరిగి నిలుచు గుణమును కలిగింతురు. పిదప మొనకు పైభాగమున నిలువుగా నొకమారు, అడ్డముగా నొకమారు సాన పట్టుదురు. ఆ గీతలు పాళీకి మెత్తదనము నిచ్చును, సిరాకు పట్టు నిచ్చును. భూతద్దము పెట్టి చూచినచో కొన్ని పాళీలపై ఆ సానగీతలు నేడును స్పష్టముగా కనబడును. ఇన్నియు అయిన తరువాతగాని చీలిక తీయరు. రెండు పదునైన అలుగుల నడుమ పాళీని సరిగా మధ్యకు నిలిపి ఒక్క యొత్తు ఒత్తుటలో వెండ్రుకవాసి తప్పినను, అంతవరకు పడిన పాటంతయు వ్యర్థము. కడపట రంగు, లక్కపూత. ఆ లక్కపూత యొద్ద వారి చేయి ఆగినది. అచ్చటనే మన చేయి మొదలగును.

బర్మింగ్‌హామ్ ఫ్రెడరిక్ వీధిలో ఒకప్పటి పాళీల కార్ఖానా భవనమునందే నేడు కలముల ప్రదర్శనశాల యొకటి నడచుచున్నది. అచ్చటికి పోయినవారు పాత యంత్రముమీద తమ చేతులతో నొక పాళీని ఒత్తుకొనవచ్చును. మన తెలుగువారు వేలాదిగా ఇంగ్లండునందు చదువులకును ఉద్యోగములకును నివసించుచున్నారు. ఆ ప్రాంతమున నున్నవారు పిల్లలను వెంటబెట్టుకొని ఒక మధ్యాహ్నము అచ్చట గడుపుట మంచిది.

ఇక సంస్కారవిధానము. పాళీని కాడయొద్ద బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను పట్టుకొనవలెను. మొనను వ్రేలితో ముట్టరాదు, వ్రేలికుండు జిడ్డు దానికంటును. గోరువెచ్చని నీటిలో ఒక్క చుక్క సబ్బునీరు కలిపి, వాడి వాడి మెత్తబడిన పండ్లబ్రష్షుతో కాడనుండి మొనవైపునకు మాత్రమే తోమవలెను. ఎదురుతోమినచో కుచ్చుపోగులు చీలికలో చిక్కుకొని రెండు పాయలను విడదీయును. వెలుపలి వైపుకంటె లోపలి గుంటను ఎక్కువ శ్రద్ధతో తోమవలసియుండగా, చాలమంది కంటికి కనబడు వెలుపలి వైపునే మెరుగుపెట్టి ఊరకుందురు. సిరా నిలుచు తావు లోపలిది యని మరవరాదు. పూత నూనెయైనచో ఇంతటితో వదలును. లక్కయైనచో సబ్బునకు లొంగదు; మందుల అంగడిలో దొరకు స్పిరిటులో పలుచని నూలుగుడ్డను తడిపి రెండుమూడుమార్లు తుడువవలెను. దూదిని నేనెప్పుడును మెచ్చను. దాని పోగొకటి చీలికలో దూరినచో గీతవెంట తోకయై సాగి అక్షరమును అలుకును. పాత ధోవతిగుడ్డ కంటె ఈ పనికి తగినది లేదు.

శుభ్రమైనదా లేదా యను పరీక్ష బహుసులభము. రంధ్రము మునుగువరకు సిరాలో ముంచి పైకెత్తి, దీపపు వెలుగులో లోపలి గుంటను కొన్నిక్షణములు చూడుడు. సిరా అంచునుండి అంచువరకు ఎడములేని పొరగా నిలిచినచో పాళీ సిద్ధము. నడుమ నడుమ ద్వీపములవంటి మెరుపుచోట్లు తేలినచో పూత ఇంకను మిగిలియున్నదని యెరిగి, కడిగి మరల తోమవలెను. ఈ పరీక్షకు పట్టు కాలము ఊపిరి తీసి విడుచునంత; అది చేయక నేరుగా మంచికాగితముపై పాళీ పెట్టువారు కాగితమును, మనస్సును రెంటిని పాడుచేసుకొందురు.

పూతను తొలగించుటకే మరికొన్ని ఉపాయములను లేఖకులు వాడుదురు. పండ్లపొడిముద్దతో తోముట యొకటి. అందలి సన్నని సుద్ద పూతను గీకివేయును గాని, చీలికలో మిగిలిపోయినచో సిరా ప్రవాహమున కడ్డుపడును గనుక బాగుగా జాడింపవలెను. పచ్చి బంగాళాదుంపలో పాళీని గ్రుచ్చి కొన్నినిమిషము లుంచుట మరియొకటి. ఇదియు చక్కగా పనిచేయునదే, అయితే దుంపరసము తడి ఆరకముందే కడిగి తుడువనిచో త్రుప్పు పట్టును. మన పాతకాలపు బడిపిల్లలు కొత్తపాళీని నోట పెట్టుకొని చప్పరించెడివారు. అది ఆరోగ్యమునకు హితము గాకున్నను, ఫలితము నిచ్చెడిది. అగ్గిపుల్ల మంటలో పాళీని చూపుట అన్నిటికంటె ప్రసిద్ధమైనది, అన్నిటికంటె అపాయకరమైనది. ఉక్కు సుమారు 220, 230 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి గడ్డిపసుపురంగు తిరుగును; 300 డిగ్రీలకు సమీపించునప్పటికి నీలమగును. కార్ఖానాలో ఇచ్చిన మితమైన వేడిమిని మించినచో ఉక్కు మెత్తబడిపోవును. పాళీలో అతిపలుచని భాగము మొనయే గనుక, మొట్టమొదట పాడగునది మొనయే. అట్టి పాళీ ఒత్తినప్పుడు విచ్చుకొనును గాని, ఒత్తిడి తీసినప్పుడు కలిసికొనదు. మంటను వాడక తప్పదనువారు కాడభాగమునుండి మొనవైపునకు కన్నుమూసి తెరచునంతలో దాటించి, వెంటనే గుడ్డతో తుడువవలెను. సబ్బును స్పిరిటును ఉండగా మంట దేనికని నేననుకొందును.

శుభ్రమైన పాళీని పిడిలో దిగవేయునప్పుడు మొనపట్టి నెట్టరాదు. కాడకు దగ్గరగా ప్రక్క అంచులను పట్టి, వణకనంత గట్టిగా, వంగనంత నెమ్మదిగా దించవలెను. పిడిలో పాళీ కదలుచున్నచో గీత వణకును. ఆ వణుకును మనము మన చేతి వణుకుగా భ్రమింతుము. అటుపిమ్మట భూతద్దము క్రింద మొనను ఎదురుగా చూడవలెను. రెండు పాయలును ఒకే ఎత్తున నున్నవా, ఒకటి మరియొకదానిపై వాలినదా యని చూచి, వాలినదైనచో బొటనవ్రేలి గోటితో ఎత్తుగా నున్నదానిని మిక్కిలి మెల్లగా క్రిందికి ఒత్తి సరిచేయవచ్చును. కొత్తపాళీ కాగితమును గీరుటకు, పూత తరువాత ముఖ్యకారణము ఈ వంకరయే.

గీరుచున్న మొనను సానరాతిపై నూరి నున్నచేయవచ్చునా యని యడుగువారు కలరు. వెడల్పుమొన గల పాళీకి ఇది మేలే: అతిసన్నని సానపై నీటిచుక్క వేసి, వ్రాయుకోణమున నిలిపి, బరువు మోపక, ఎనిమిది అంకెను నాలుగైదుమార్లు వ్రాసినట్లు త్రిప్పినచో అంచులలోని గరుకు పోవును. సన్నమొన పాళీకి మాత్రము నేను సమ్మతింపను. దాని సొంపంతయు వెండ్రుకవంటి సన్నగీతయందున్నది. సాన దానిని మొదటనే హరించును. సన్నపాళీకి ఉత్తమమైన సాన కాగితమే. మొదటిపుటను శ్రద్ధలేని గీతలకును వలయములకును ఒప్పగించినచో, దాని గరుకు తనంత తానే సర్దుకొనును. ప్రతి పాళీకిని బాల్యము, యౌవనము, వార్ధకము ఉన్నవి. రెండవపుటనుండి అది చేతికి లొంగి హాయిగా నడచు కాలమును లేఖకుడు గుర్తించి, ముఖ్యమైన వ్రాతను ఆ కాలమునకు ఉంచుకొనవలెను.

పాళీ యెంత సిద్ధమైనను సిరా సరికానిచో ప్రయోజనము లేదు. ఫౌంటెన్ పెన్నులకై చేసిన సిరా మిక్కిలి పలుచన. ముంచుపాళీమీద నిలువక జారును, కాగితమున ప్రాకును. దానికి తుమ్మబంకను నీటిలో నానబెట్టి వడగట్టిన జిగురు కొన్నిచుక్కలు కలిపినచో పాళీని అంటిపెట్టుకొని నిలుచును, గీత అంచులు తీరుగా తెగును. ఎక్కువైనచో చీలికలో గడ్డకట్టును. అప్పుడు శుద్ధజలము చుక్కచుక్కగా చేర్చి సరిచేయవలెను. ఐరోపాలో శతాబ్దములపాటు మాచికాయ కషాయమునకు అన్నభేది కలిపి సిరా చేసిరి. మనవారు మాచికాయకు బదులు కరక్కాయ వాడిరి. గింజ తీసిన కరక్కాయ పెచ్చులను దంచి నానబెట్టి, కాచి వడగట్టి, ఆ వగరురసమునకు అన్నభేదిని, తుమ్మబంకను చేర్చినచో, వ్రాయునప్పుడు లేతగా నుండి, గాలి సోకినకొలది నల్లబడు సిరా సిద్ధమగును. కరక్కాయలోని వగరును అన్నభేదిలోని ఇనుమును కలిసి, గాలిలోని ప్రాణవాయువుచే నల్లని పదార్థమై కాగితపు పీచులో ఇంకును. అందుచేతనే అది నీటికి చెరగదు. సన్నగీతల కింతకంటె అనువైన సిరాను నేనెరుగను. అయితే అది ఆమ్లగుణము కలది. పాళీని లోలోపల తినివేయును. దీపపుమసితో చేసిన నల్లసిరాలలో లక్క చేర్చినవి మరియొక రకము: చెరగనివే గాని, ఎండినచో చీలికను పూడ్చివేయును. ఏ సిరా వాడినను నాలుగైదు పంక్తుల కొకమారు పాళీని నీటిలో ముంచి గుడ్డతో తుడిచి తిరిగి మొదలిడుట ఆలస్యమనిపించును. నిజమునకు అదియే త్వరితమార్గము.

ముంచుటయందును మితము కలదు. రంధ్రము దాటి కొంచెము మునుగునంతవరకు ముంచి, నెమ్మదిగా ఎత్తి, బుడ్డి అంచుకు పాళీవీపును ఒకమారు తాకించినచో అధికపు సిరా దిగిపోవును. హైదరాబాదు నగరమున ఛత్తా బజారు పరిసరములందు ఉర్దూ కాతిబులు, అనగా చేతివ్రాతగాండ్రు, రెల్లు కలములతో వ్రాయునప్పుడు సిరాబుడ్డిలో పట్టుదారపు ముద్ద నుంచెడి సంప్రదాయము కలదు. కలము ముద్దకు తాకినంతనే తగినంత సిరా మాత్రమే అంటుకొనును, అడుగుదాక మునుగదు. ఉర్దూ దినపత్రికలు కంప్యూటరు అక్షరములు వచ్చువరకును ఆ కాతిబుల చేతివ్రాతతోనే వెలువడినవన్న సంగతి మన పాఠకులకు తెలిసినదే. ఉక్కుపాళీ వాడువారును ఆ పట్టుముద్దను స్వీకరించుట మేలని నా మనవి. బుడ్డి తలక్రిందులైనను సిరా ఒలికిపోదు.

కాగితముమాట. పాళీ మొన రెండు పాయలైనది గనుక, కాగితపు పీచు పైకి లేచియున్నచో ఆ రెంటి నడుమ చిక్కుకొనును. పూర్వము మనదేశమున చేతికాగితమునకు గంజి పట్టించి, ఆరిన పిమ్మట అకీకురాతితో రుద్ది నున్నచేయుటకు కారణ మిదియే. నేటి చేతికాగితములు చూపునకు సుందరములైనను, గరుకుగా నున్నవి సన్నపాళీకి పనికిరావు, వెడల్పుపాళీకి ఓర్చును. వ్రాయుకాగితము క్రింద నాలుగైదు కాగితముల మెత్త యుంచినచో మొనకు ఇంపగు ఆనిక దొరకును. అరచేతి క్రింద మరియొక కాగితపుముక్క నుంచుట మరవరాదు. చేతిచెమటయు జిడ్డును అంటినచోట సిరా పట్టదు. కాకినాడ, మచిలీపట్టణము వంటి తీరప్రాంతములందు వానకాలమున ఈ బాధ రెండింతలు: కాగితము గాలిలోని తేమ పీల్చి సిరాను ప్రాకనిచ్చును, తుడువక విడిచిన పాళీ తెల్లవారునప్పటికి ఎఱ్ఱబారును. అచ్చటివారు కాగితమును మూత గట్టిగా గల పెట్టెలో నుంచి, వ్రాయుటకు ముందుగాని వెలికి తీయరాదు.

ఇక మన లిపి. ఉక్కుపాళీ ఆంగ్లలిపికై పుట్టినది. ఆ లిపి కుడివైపునకు వాలి, దిగుగీతలు లావుగా, ఎక్కుగీతలు సన్నముగా నుండుట కనుకూలముగా తీర్చబడినది. తెలుగుఅక్షరము తాటియాకుపై ఘంటముతో గీయబడి పెరిగినది. ఘంటము లావుసన్నముల నెరుగదు, గుండ్రదనమునే ఎరుగును. కావున సన్నపాళీతో తెలుగు వ్రాయువాడు ముందుగా పాళీ ఏ దిక్కునకు ఇష్టముగా నడచునో తెలిసికొనవలెను. కుడిచేతివానికి పాళీమొన ఎడమవైపు పైకి చూచుచుండును. అక్కడనుండి కుడివైపు క్రిందికి లాగిన గీతకు పాయలు సుఖముగా విచ్చుకొనును. మన తలకట్టును చూడుడు: ఎడమనుండి కుడికి దిగు పొట్టిగీత, వెంటనే కుడివైపు పైకిలేచు పొడుగుగీత. దిగునప్పుడు రవంత ఒత్తి, లేచునప్పుడు చేయి తేలికపరచినచో, లావునుండి సన్నమునకు జారు ఆ తలకట్టు ఈ పాళీకొరకే కల్పింపబడినదా యని తోచును.

కష్టము వలయమునందున్నది. సున్నను పైనుండి ఎడమకు దిగి, అడుగు తిరిగి, కుడివైపున పైకెక్కి ఒక్క ఊపున ముగించువారికి, కుడిభుజము దాటి ఎడమకు వంగు నెలవున పాళీ తన మొన చూచు దిక్కునకే ఎదురు నడువవలసివచ్చును. అచ్చటనే మొన కాగితములోనికి దిగబడును, పీచు తెగును, సిరా తుంపరలుగా చిందును. ర, ఠ వంటి అక్షరములలోను, ఎల్లెడల వచ్చు పూర్ణానుస్వారమునందును ఈ గండ మెదురగును. తప్పించుకొను దారులు రెండు: పిడిని ఇంకను వాల్చి, ఆ నెలవున ఒత్తిడి పూర్తిగా తీసివేయుట యొకటి, వలయమును రెండు గీతలుగా, పైనుండి ఎడమకొకటి, పైనుండి కుడికొకటి దించి అడుగున కలుపుట మరియొకటి. రెండవది మొదట నెమ్మదిగా తోచినను, ఓపికతో సాధించినవాని వ్రాతలో కలయిక కనబడదు.

ఈ కారణముచేతనే తెలుగునకు మిక్కిలి మెత్తని పాళీలను నేను సిఫారసు చేయను. గిలట్ 303 వంటివి ఆంగ్లపు వంపులేఖనమున అద్భుతములు. మన వలయములలో కొత్తవానిని ఏడిపించును. జపానుదేశమున బొమ్మలకథల చిత్రకారులకై నిక్కో, జీబ్రా సంస్థలు చేయు జీ పాళీ బిరుసైనది, ఓర్పుగలది. మొదలుపెట్టువారికి అదియే తగినది. అక్షరము ఒకే లావున సాగవలెనన్నచో, మొనకు గుండ్రని పాదము అమర్చిన పాళీలు కలవు. అమెరికాలోని స్పీడ్‌బాల్ బీ వరుసవి అట్టివే. ఘంటపు వ్రాతను కాగితముపై చూడగోరువారికి, శుభలేఖలపై పేర్లు వ్రాయువారికి వీనిని మించినవి లేవు. ఏ దిక్కునకు త్రిప్పినను అవి కాగితమును గీరవు.

వ్రాత ముగిసిన పిమ్మట పాళీని పిడినుండి ఊడదీసి, కడిగి, రెండువైపుల తుడిచి, పొడిగా నున్న డబ్బాలో వేయవలెను. పిడిలోనే విడిచినచో కాడచుట్టు మిగిలిన తేమ పాళీని పిడిని కలిపి త్రుప్పుపట్టించును. సిరాబుడ్డిలో పాళీని నిలిపియుంచుట ఎన్నడును తగదు. కొంతకాలమునకు ప్రతి పాళీయు అలసిపోవును: సన్నగీత లావెక్కును, ఒత్తిడి తీసినను పాయలు కలియవు, నున్నని కాగితము గూడ గరుకుగా తోచును. అట్టిదానిని సానతోనో మంటతోనో బ్రతికింప యత్నించుట వ్యర్థము. దానిని వేరొక పిడికి తగిలించి స్కేలుప్రక్క పంక్తులు గీయుటకును, మూటలపై చిరునామాలు వ్రాయుటకును వాడుకొని, మంచివ్రాతకు కొత్తదానిని తీసి, మరల గోరువెచ్చని నీటినుండి మొదలుపెట్టవలెను.